పుల్లీ కింద జాగా

ఆళ్లగడ్డ సంజీవయ్యకు అనుమానం పుట్టుకతో వచ్చిందని ఊరంతా అనుకునేవారు. పాలు పోసే మనిషి చెంబు దించకముందే అందులోకి తొంగి చూస్తాడు. బస్సెక్కితే కండక్టరు ఇచ్చిన టికెట్టును అటూ ఇటూ తిప్పి గానీ జేబులో పెట్టుకోడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఈయన నవ్వెందుకు నవ్వాడా అని ఆ పూటంతా ఆలోచిస్తాడు. అలాంటి మనిషికి బుడ్డల మిల్లు ఒకటుంది. వేరుశనగ కాయల్ని ఆ సీమలో బుడ్డలంటారు.

మిల్లంటే ఒక పెద్ద రేకుల షెడ్డు. మూలన ఆయిలింజను. పైన దూలాల కింద, గోడ నుంచి గోడ దాకా ఒక ఇనుప షాఫ్టు, దాని మీద పుల్లీలు. ఇంజను ఆ షాఫ్టును తిప్పుతుంది. షాఫ్టు మీది పెద్ద పుల్లీ, తోలు బెల్టుతో కిందనున్న కాయలు కొట్టే మిషనును తిప్పుతుంది. ఆ మిషను తొట్టిలో కాయలు పోసే మనిషి ఒక బల్ల మీద నిలబడాలి. ఆ బల్ల సరిగ్గా పుల్లీ కిందే ఉంటుంది. అక్కడ నిలబడేది మరియమ్మ. ఇంజను నడిపేది ఆమె మొగుడు అబ్రహాము. సంజీవయ్య నాయన బతికున్నప్పటి నుంచీ ఆ ఇంజను అబ్రహాము చేతిలోనే ఉంది.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, సరిగ్గా కాయలు కల్లాలకు చేరే రోజుల్లో, ఆ పెద్ద పుల్లీ చక్రంలో ఆకు, అంటే చువ్వ, ఒకటి పగిలింది. సంజీవయ్య నంద్యాలకు పరుగెత్తి కొత్త పుల్లీ కొన్నాడు. అంగడి వాడు పాతదానికి రంగు పూసి అంటగడుతున్నాడేమోనని గోటితో గీకి చూసి మరీ కొన్నాడు. దాన్ని బిగించడానికి దేవసహాయం అనే ఫిట్టరును కూడా అక్కడి నుంచే వెంటబెట్టుకొచ్చాడు.

దేవసహాయం మిల్లులో అడుగు పెట్టగానే చేసిన మొదటి పని, ఇంజను తిప్పే హ్యాండిలును అబ్రహాము చేతి నుంచి తీసుకుని తన సంచిలో వేసుకోవడం. "నేను షాఫ్టు మీద చెయ్యి పెట్టినంతసేపు ఇది నా కాడే ఉండాల. ఎవరినీ నమ్మేది లేదు" అన్నాడు. ఆ మాటకు సంజీవయ్య ప్రాణం లేచొచ్చింది. తనలాంటి మనిషి లోకంలో ఇంకొకడు ఉన్నాడని ఆయనకు ఆ రోజే తెలిసింది.

పని మాత్రం దేవసహాయం పద్ధతిగానే చేశాడు. బెల్టులన్నీ విప్పించి, షాఫ్టును కిందికి దించి కొయ్య దిమ్మెల మీద పెట్టించాడు. తుప్పు రుద్ది, గుడ్డతో తుడిచి, కొత్త పుల్లీని చేతుల్తోనే మెల్లగా షాఫ్టు మీదికి తోశాడు. సుత్తితో కొడితే పోత ఇనుము పగులుతుందన్నాడు. పుల్లీకీ షాఫ్టుకూ నడుమ ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో ఉక్కు చీల దిగగొడితేనే రెండూ కలిసి తిరుగుతాయి. ఆ చీలను ఆకురాయితో రుద్దుతాడు, గాడిలో పెట్టి చూస్తాడు, మళ్లీ రుద్దుతాడు. సంజీవయ్య పక్కనే గొంతుక్కూర్చుని రెప్ప వేయకుండా చూశాడు. చీల కుదిరాక ఫిట్టరూ ఆయనా అన్నానికి లేచారు. ఆ సందులో సంజీవయ్య తల్లి సుబ్బలక్ష్మమ్మ వచ్చి పుల్లీకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి పోయింది.

తిరిగొచ్చి దేవసహాయం చీల దిగగొట్టాడు. బయటికి మిగిలిన ముక్కను రంపంతో కోసి నున్నగా చేశాడు. చీల తల పొడుచుకొని ఉంటే పంచె చుట్టుకొని మనిషినే పైకి లాగుతుందన్నాడు. షాఫ్టును ఎత్తించి, పై పుల్లీ అంచు నుంచి కింది పుల్లీ అంచుకు దారం పట్టి, రెండూ ఒకే వరసలో ఉన్నాయని చూపించాడు. మొదట చేత్తో తిప్పి, ఆ తరువాతే హ్యాండిలు సంచిలోంచి తీసి అబ్రహాముకిచ్చాడు. మిల్లు హాయిగా నడిచింది.

కొన్నాళ్లు గడిచాయో లేదో, ఒక మధ్యాహ్నం పుల్లీ షాఫ్టు మీద పక్కకు జారింది. బెల్టు ఊడి, కొరడా విసిరినట్టు వచ్చి బల్ల అంచును కొట్టింది. మరియమ్మ అప్పుడే గంప ఎత్తుకోవడానికి వంగింది కాబట్టి తల దక్కింది. అబ్రహాము ఇంజను ఆపి పరుగెత్తుకొచ్చి ఆమె భుజాలు పట్టుకొని, తలంతా తడిమి చూశాడు. సంజీవయ్య మాత్రం పుల్లీ వైపు చూడలేదు. మనుషుల వైపు చూశాడు.

మరునాడే నంద్యాలలో దేవసహాయం షెడ్డు ముందు దిగాడు.

"నీ పుల్లీ జారింది" అన్నాడు.

"నా పుల్లీ జారదన్నా" అన్నాడు దేవసహాయం, చేస్తున్న పని ఆపకుండా.

"జారిందంటాంటే. వచ్చి చూడు."

దేవసహాయం ముఖం గంటు పెట్టుకొని వచ్చాడు. నిచ్చెనెక్కి చూస్తే చీల వదులైన మాట నిజమే. కింద నుంచి అబ్రహాము, "చీల బయటికి తీసి గాడి చూడన్నా. లోపల ఏమన్నా ఉండాదేమో" అన్నాడు. ఫిట్టరుకు ఆ మాట కారం రాసినట్టయింది.

"నా పనికి వంకలు పెట్టేటంత పనోడివి అయినావా" అని, పుల్లీని వరసకు జరిపి, చీలను ఇంకాస్త లోపలికి దిగగొట్టి కిందికి దిగాడు. చేతులు తుడుచుకుంటూ సంజీవయ్యను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "నేను కొట్టిన చీల దానంతట అది వదలదన్నా. ఎవరో చెయ్యి పెట్టినారు. మీ మిల్లులో నిచ్చెనెక్కేది ఎవరో చూసుకో."

అంతే. సంజీవయ్యకు కావలసింది అదే. మిల్లులో నిచ్చెనెక్కేది అబ్రహాము ఒక్కడే. బేరింగులకు నూనె పోయాలంటే ఎక్కక తప్పదు కదా అనే ఆలోచన ఆయన బుర్రకు తట్టనే లేదు. తట్టినా దాన్ని లోపలికి రానిచ్చేవాడు కాదు.

ఆ ఆదివారం మిల్లుకు సెలవు. ఏదో పని మీద నంద్యాలకు పోయిన సంజీవయ్యకు బస్టాండులో అబ్రహాము కనిపించాడు. ఎదురుగా నిలబడి అతని చెయ్యి పట్టుకొని మాట్లాడుతున్నది పాణ్యం బుడ్డల మిల్లు గుమాస్తా. సంజీవయ్య ఆత్మకూరు బస్సు చాటున నక్కి, బస్సు కదిలితే దాంతో పాటే కదిలి, కండక్టరు చేత తిట్లు తిని కూడా చూపు తిప్పుకోలేదు. మాటలు వినపడలేదు. గుమాస్తా ఏదో అడగడం, అబ్రహాము తల అడ్డంగా ఊపడం మాత్రం కనిపించాయి. బేరం ఇంకా తెగలేదన్నమాట అనుకున్నాడు. పాణ్యం వాళ్లు తన మిల్లును మూయించి, ఆళ్లగడ్డ కాయలన్నీ తమ వైపు తిప్పుకోవాలని చూస్తున్నారు. ఇల్లు చేరేసరికి ఆ కథ ఆయన మనసులో అచ్చుగుద్దినట్టు స్థిరపడింది.

అది మొదలు సంజీవయ్యకు అన్నం సయించలేదు. పొద్దున్నే మిల్లుకొచ్చి గోనెల చాటున కూర్చునేవాడు. అబ్రహాము నూనె డబ్బాతో నిచ్చెనెక్కేవాడు. నూనె పోశాక పుల్లీని చేత్తో అటూ ఇటూ కదిపి చూసేవాడు. చీల మీద వేలు పెట్టి తడిమేవాడు. తడమడం ఎందుకు? మంచి పుల్లీని కదపడం ఎందుకు? సంజీవయ్య పళ్లు కొరుక్కునేవాడు.

ఒకనాడు అబ్రహామే ఆయన దగ్గరికొచ్చాడు.

"అప్పా, పుల్లీలో టకటకమని శబ్దం వస్తాంది. చీల తీసి చూడాల."

"నాకు వినపడలేదే."

"ఇంజను కాడ నిలబడితే వినపడతాదప్పా. ఒక్క పూట ఆపుదాం. నేనే తీస్తా."

"ఇంత ముమ్మరంలో మిల్లు ఆపమంటావు" అన్నాడు సంజీవయ్య, అతని కళ్లలోకి చూస్తూ. "ఆపితే ఎవరికి లాభమో నాకు తెలీదనుకుంటాండావా?"

అబ్రహాముకు ఆ మాట అర్థం కాలేదు. అయినా ఊరుకోలేదు. రెండో పూట అడిగాడు, మరునాడూ అడిగాడు. అడిగేకొద్దీ సంజీవయ్యకు అనుమానం బలపడింది. ఇంతగా తీయమంటున్నాడంటే తీసి చేయాల్సిన పని ఏదో ఉంది.

ఆ మరుసటి పొద్దున మిల్లుకొచ్చేసరికి బల్ల పాత జాగాలో లేదు. తొట్టికి అవతలి పక్కకు జరిగి ఉంది. మరియమ్మ అక్కడి నుంచి చేతులు చాపి కాయలు పోస్తోంది. గంప అందక సగం కాయలు నేల మీద పడుతున్నాయి. మిషను చాలాసేపు వట్టిగా తిరుగుతోంది.

"బల్ల ఎవరు జరిపినారు?"

"నేనేనప్పా" అన్నాడు అబ్రహాము. "శబ్దం ఎక్కువైంది. దాని కింద మనిషిని నిలబెట్టకూడదు."

సంజీవయ్య బల్ల వైపు చూశాడు, మరియమ్మ వైపు చూశాడు. దొరికాడు. పుల్లీ మళ్లీ జారుతుందని వీడికి ముందే తెలుసు. తెలుసు కాబట్టే పెండ్లాన్ని పక్కకు తప్పించాడు. ఇంతకంటే రుజువేం కావాలి?

"ఇంజను ఆపు" అన్నాడు.

ఇంజను ఆగింది. షెడ్డులో ఒక పక్క కూర్చుని పప్పు చెరుగుతున్న ఆడవాళ్లు చేటలు దించారు. సంజీవయ్య బల్లను తానే ఈడ్చుకొచ్చి పుల్లీ కింద వేశాడు.

"మరియమ్మా, ఎప్పటి జాగాలోనే నిలబడు."

"వద్దు" అన్నాడు అబ్రహాము.

"ఎందుకు వద్దు? ఎవరూ చెయ్యి పెట్టకుంటే పుల్లీ జారదని నంద్యాల ఫిట్టరు చెప్పిపోయినాడు. నీ పెండ్లాం కింద ఉంటే నువ్వు చెయ్యి పెట్టవు కదా. ఇంగ జారదు. నిలబడనీ."

  ఇన్నాళ్లూ సంజీవయ్య గోనెల చాటున ఎందుకు కూర్చుంటున్నాడో అబ్రహాముకు ఇప్పుడు తెలిసింది.

"నేను వదులు చేస్తాండానని అనుకుంటాండావా అప్పా?"

"పాణ్యం గుమాస్తాతో నంద్యాలలో ఏం మాట్లాడినావు? చూడలేదనుకున్నావా?"

"వాండ్ల మిల్లుకు రమ్మన్నాడు. రానన్నా. ఈ ఇంజను పెద్దాయన నా చేతిలో పెట్టిపోయినాడు, ఇడ్సిపెట్టి రానని చెప్పినా."

"ఎవరు నమ్మాల ఆ మాట?"

హన్నమ్మ అనే ముసలామె చేట పక్కన పెట్టి, "అబ్రహాము అట్లాంటోడు కాదు నాయనా" అనబోయింది. సంజీవయ్య చూసిన చూపుకు మళ్లీ చేట అందుకుంది.

అప్పుడు మరియమ్మ ఎవరూ చెప్పకుండానే గంప చంకన పెట్టుకొని బల్ల ఎక్కింది. కొంగు నడుముకు బిగించింది.  "తిప్పు" అంది మొగుడితో. "నీ మీద ఇంత మాట పడినాక నేను ఈడ నుంచి దిగేది లేదు."

"దిగు మరియమ్మా."

"తిప్పు. జారితే జారనీ."

అబ్రహాము హ్యాండిలు పట్టుకొని ఇంజను దగ్గర కొయ్యబారి నిలబడ్డాడు. తిప్పితే పెండ్లాం నెత్తిన ఏం పడుతుందో తెలియదు. తిప్పకపోతే దొంగ అవుతాడు. సంజీవయ్య వైపు తలెత్తి, "నువ్వు నిలబడప్పా ఆడ" అన్నాడు. "జారదని నీకు నమ్మకం కదా. నువ్వు నిలబడు, నేను తిప్పుతా."

సంజీవయ్య పైనున్న పుల్లీ వైపు చూశాడు. అబ్రహాము చేతిలో ఉన్న హ్యాండిలు వైపు చూశాడు. వీడు తిప్పితే తాను కింద నిలబడాలా? బల్ల వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అన్నం క్యారియరుతో అప్పుడే వచ్చిన సుబ్బలక్ష్మమ్మ గుమ్మంలోనే ఆగి ఇదంతా వింది. క్యారియరు కింద పెట్టి నేరుగా బల్ల దగ్గరికి నడిచింది.

"నువ్వు దిగమ్మా మరియమ్మా. నేను నిలబడతా. దానికేం కాదు."

"నీకెందుకమ్మా ఈ గొడవ" అన్నాడు సంజీవయ్య.

"ఎందుకేందిరా. ఆ చక్రానికి నేను రాగి రేకు వేసినా. అహోబిలంలో నరసింహస్వామి పాదాల కాడ పెట్టించి తెచ్చిన రేకు. అది ఉండంగా ఈ మిల్లులో ఎవరికీ ఏమీ కాదు."

అబ్రహాము ఇంజను దగ్గర నుంచి ఇవతలికి వచ్చాడు. "యాడ వేసినావమ్మా రేకు?"

"ఇనుప చీల కొట్టినారే, ఆ గాడిలో. మీరు అన్నాలకు పోయినప్పుడు మడిచి పెట్టినా. మన గడప కింద వేయలేదా, బావి తవ్వినప్పుడు వేయలేదా? బండి ఇరుసుకు కూడా వేసినాం. దీనికి మాత్రం ఎందుకు వేయకూడదు?"

 అబ్రహాము హ్యాండిలును బొడ్లో దోపుకొని నిచ్చెనెక్కాడు. ఇనుప కడ్డీ ఆనించి అవతలి వైపు నుంచి కొడితే చీల కదిలింది. ఇంకొన్ని దెబ్బలకు ఊడి చేతిలోకొచ్చింది. దాని వెనకే, నూనెకు నల్లబడి, నలిగి, అంచులు చిరిగిన రాగి రేకు బయటికొచ్చింది. ఉక్కు ఉక్కును కరిచి పట్టుకోవలసిన చోట మెత్తటి రాగి కూర్చుంది. కొట్టినప్పుడు బిగుతుగానే ఉంటుంది. తిరిగేకొద్దీ రాగి నలుగుతుంది, చీల వదులవుతుంది. దేవసహాయం రెండోసారి వచ్చినప్పుడు రోషానికి పోకుండా చీల తీసి ఉంటే ఆ రోజే తేలేది.

సుబ్బలక్ష్మమ్మ ఆ రేకును అందుకొని కళ్లకద్దుకుంది. "చూసినారా, ఇది ఉండబట్టే ఇన్నాళ్లూ ఎవరికీ దెబ్బ తగల్లేదు" అంది.  హన్నమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

అబ్రహాము గాడి తుడిచాడు. చీలను తుడిచి, పెట్టి చూసి, దిగగొట్టాడు. మరియమ్మ కింద దారం పట్టుకుంటే పైన తాను పట్టుకొని వరస చూశాడు. చేత్తో తిప్పాడు. బెల్టు వేశాడు. బల్ల పక్కకు లాగి అందరినీ దూరంగా నిలబెట్టి ఇంజను తిప్పాడు. టకటక లేదు. పుల్లీ మెత్తగా, ఒకే చోట నిలిచి తిరిగింది. కాసేపు చెవి పెట్టి విని ఇంజను ఆపేశాడు. హ్యాండిలును గుడ్డతో శుభ్రంగా తుడిచి, తెచ్చి సంజీవయ్య చేతిలో పెట్టాడు.

"ఇంగ జారదప్పా. పోయొస్తాం" అన్నాడు. మరియమ్మ అప్పటికే కొంగు విప్పి భుజాన వేసుకొని గుమ్మం దాటింది.

సంజీవయ్యకు తల కొట్టేసినట్టయింది. పనివాళ్ల వెనక నడవడం ఆయన జన్మలో లేదు. అయినా నడిచాడు. వాళ్లు ఇంటికి పోయి, మూట కట్టుకొని, నంద్యాల బస్సు ఆగే చోటికి చేరేదాకా దూరదూరంగా వెంట నడిచి, చివరికి ముందుకొచ్చి నిలబడ్డాడు. కల్లాల్లో కాయలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఆ ఇంజను మాట ఇంకొకరి చెయ్యి వినదని ఆయనకు తెలుసు. అది ఒక్కటే కాదు. మనిషికి నిజంగానే బాధగా ఉంది.

"అబ్రహామూ, వెనక్కి రా. తప్పు మా అమ్మది. నీది కాదు. తేలిపోయింది కదా."

"తేలింది కాబట్టి వచ్చినావు" అన్నాడు అబ్రహాము. గొంతులో కోపం లేదు. "ఆ రేకు దొరకకుంటే? పెద్దమ్మ ఈ పొద్దు అన్నం తేకుండా ఉంటే? అప్పుడు నన్నేం చేస్తాంటివి?"

సంజీవయ్య బస్సొచ్చే దారి వైపు చూశాడు.

దుమ్ము రేపుకుంటూ బస్సు వచ్చి ఆగింది. మరియమ్మ మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది. "ఆయన అడిగేదానికి చెప్పప్పా. రేకు దొరకకున్నా నిన్ను నమ్ముతాంటి అని ఒక్క మాట చెప్పు. దిగి వస్తాం."

చెప్పాలనే ఆయన నోరు తెరిచాడు. ఒక్క మాట. అబద్ధమైనా సరే, చెబితే సరిపోయేది. కానీ ఎదుటి వాళ్ల మాటలన్నీ గోటితో గీకి చూసే అలవాటున్న మనిషికి తన మాట కూడా పైన రంగు పూసిన పాత సరుకులాగే కనిపించింది. కండక్టరు గంట కొట్టాడు. మరియమ్మ లోపలికి పోయింది, వెనకే అబ్రహాము ఎక్కాడు. బస్సు పోయాక కూడా సంజీవయ్య చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

తిరిగి వస్తుంటే కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాడు. సగం దారిలో ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. చీల తీసి చూడమని మొదటి నుంచీ పట్టుబట్టింది అబ్రహామే కదా. గాడి లోపల ఏదో ఉందని వాడికెలా తెలుసు? ఆ ఆలోచన రాగానే గుండె మీది బరువు కాస్త దిగినట్టయింది. అడుగు వేగం పెరిగింది.

మిల్లులో ఆడవాళ్లు చేటలు గోడకానించి ఇళ్లకు పోయారు. పుల్లీ కింద బల్ల మీద సుబ్బలక్ష్మమ్మ ఒక్కతే కూర్చుని, నలిగిన రేకును ఒళ్లో పెట్టుకొని వేళ్లతో సాపు చేస్తోంది. అన్నం క్యారియరు పెట్టినచోటే ఉంది.

"రాలేదా నాయనా వాండ్లు?" అని అడిగింది.

సంజీవయ్య ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, బాగా గుర్తు తెచ్చుకొని చెప్పు" అన్నాడు. "నువ్వు ఈ రేకు పెట్టేటప్పుడు అబ్రహాము యాడ ఉన్నాడు?"